జుమ్మేరాత్ బజార్‌లో సింహం గుర్తున్న ఒంటిగుండు పిస్తోలు: అసలుదేనా, కొనొచ్చా?

దోమల్‌గూడ_రవి
పోయిన గురువారం పాత గడియారాల కోసం హైదరాబాద్‌లో జుమ్మేరాత్ బజార్‌కి వెళ్లాను. ఇత్తడి సామాన్లు అమ్మే ఒకాయన గుడ్డలో చుట్టిపెట్టిన పిస్తోలు తీసి చూపించాడు. మూరకు కాస్త తక్కువ పొడవు, చెక్క పిడి, పిడి కింద ఇత్తడి టోపీ. చెకుముకి రాయి బిగించే ఘోడా ఉంది కానీ రాయి లేదు. పక్కనున్న ఇనుప పలక మీద వెనక కాళ్ల మీద నిలబడి కిరీటం పట్టుకున్న సింహం బొమ్మ. గొట్టం కింద మందు దట్టించే కడ్డీ, మడతబందుకి తగిలించినట్టు ఊడిపోకుండా ఉంది. ఒక్క గుండుదే. మూతి నుంచి మందు, గుండు దట్టించి కాల్చే రకం.

నిజాం ఫౌజుది, ఫలానా నవాబుగారి ఇంట్లోంచి వచ్చింది అన్నాడు. 60 వేలు చెప్పాడు, నేను నడక మొదలుపెట్టేసరికి 35కి దిగాడు. నాకు గడియారాలు, నాణేలు తెలుసు, తుపాకులు తెలియవు. ఇది అసలుదేనా? 35 న్యాయమేనా? ఇంట్లో పెట్టుకుంటే పోలీసులతో ఏమైనా తలనొప్పి ఉంటుందా? తిట్టకుండా చెప్పండి.

చిక్కడపల్లి_చిన్నా
జుమ్మేరాత్ బజార్‌లో స్టీలు గరిటె కూడా నవాబుగారి ఇంట్లోంచే వస్తుంది అన్నా. ఆ లెక్కన మన ఊళ్లో జనం కన్నా నవాబులే ఎక్కువ.

చెకుముకి
సింహం గురించి ముందు చెప్తాను, నవాబు సంగతి తర్వాత. కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం ఈస్టిండియా కంపెనీ గుర్తు. సుమారు 1808 దాకా కంపెనీ తుపాకుల మీద హృదయం ఆకారంలో గీతలు గీసి, గళ్లలో కంపెనీ పొడి అక్షరాలు వేసేవారు. ఆ తర్వాత సింహం వచ్చింది. కాబట్టి అసలుదే అయితే 19వ శతాబ్దం మొదటి సగం నాటిది అనుకోవచ్చు.

ఊడిపోని కడ్డీ అన్నారు చూశారా, అది ఆశ పుట్టించే సంగతి. గుర్రం మీదున్నవాడు దట్టించేటప్పుడు కడ్డీ చేజారితే దిగి వెతుక్కోలేడు. అందుకని గొట్టం మూతి దగ్గర బందు పెట్టి తగిలించేవారు. బ్రిటిష్ అశ్వికదళం పిస్తోళ్లలో గొట్టం 9 అంగుళాలు, మూతి వెడల్పు 0.65 అంగుళం. మీరు చూసినదాంట్లో బొటనవేలి కొస దాదాపు పట్టాలి. పట్టిందా?

నాకు కావలసిన ఫోటోలు: గొట్టం వెనక భాగం (ఎడమవైపు ప్రూఫ్ ముద్రలు, అంటే గొట్టం తట్టుకుంటుందని పరీక్షించి కొట్టేవి, ఉంటాయి), పలక విప్పి లోపలివైపు, మరలన్నీ దగ్గరనుంచి. సింహం ఉలితో చెక్కిందా, పోత పోసిందా చూడండి. నకిలీవి అసలు పలకను అచ్చు తీసి పోస్తారు. అప్పుడు సింహం జూలు అరిగిపోయిన సబ్బు మీది పేరులా మెత్తగా, అంచుల్లేకుండా ఉంటుంది.

బార్‌కౌన్సిల్_బావ
ఆగండి. సింహం జూలు తర్వాత, ముందు చట్టం. రవిగారూ, అసలుదైతేనే మీకు ఎక్కువ ఇబ్బంది.

చాలామంది అనుకునేది: "వందేళ్లు దాటింది, యాంటిక్, లైసెన్స్ అక్కర్లేదు." మన దేశంలో అలా లేదు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో పాత నమూనా ఆయుధాలకు, పురాతన విలువున్నవాటికి, పాడైపోయినవాటికి మినహాయింపు ఉంది. కానీ దాని తోక చదవాలి: రిపేరు చేసినా, చేయకపోయినా తుపాకీగా వాడటానికి పనికిరానివై ఉండాలి. ఆ తోక వదిలేసి ముందు ముక్క మాత్రమే అమ్మేవాళ్లు చదివి వినిపిస్తారు.

పనిచేసే పిస్తోలు 1810ది అయినా 2010ది అయినా లైసెన్స్ కావాలి. సిటీలో పోలీసు కమిషనర్, కమిషనరేట్ లేని జిల్లాల్లో కలెక్టర్ ఇస్తారు. లైసెన్స్ లేకుండా దొరికితే 2019 సవరణ తర్వాత కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు జైలు. అమ్మినవాడికీ తప్పదు గానీ, అప్పటికి అతను ఆ బజార్లో కనిపించాలి కదా.

దోమల్‌గూడ_రవి
@బార్‌కౌన్సిల్_బావ కానీ అతను "పేలదు సార్, ఒట్టి షో పీస్" అన్నాడు. రాయి కూడా లేదు. పేలనిదైతే మినహాయింపు వర్తించదా?

బార్‌కౌన్సిల్_బావ
రాయి లేకపోతే పేలదు. రాయి పెడితే? స్ప్రింగు విరిగితే పేలదు. కొత్త స్ప్రింగు వేస్తే? చట్టంలో "రిపేరు చేసినా" అన్నది అందుకే. గొట్టం అడ్డంగా కోసేసి ఉందా, వెనక వెల్డింగ్‌తో మూసేశారా, మందుకి నిప్పు అందించే రంధ్రం శాశ్వతంగా పూడ్చారా? అలాంటివి ఉంటే వాదించొచ్చు. అది కూడా మీరూ నేనూ తేల్చేది కాదు, ఆర్మరర్ (తుపాకులు పరీక్షించి బాగుచేసే నిపుణుడు) చూసి కాగితం మీద రాయాలి. ఆ కాగితం లేకుండా పిస్తోలు ఇంటికి తేవద్దు.

డాలస్_కృష్ణ
ఇండియాలో దేనికైనా టెన్షనే. ఇక్కడ 1898లోగానీ అంతకుముందుగానీ తయారైనవి ఫెడరల్ చట్టం ప్రకారం యాంటిక్, లైసెన్స్ గొడవ లేదు. నేను ఒక పర్కషన్ పిస్తోలు (చెకుముకి రాయికి బదులు, చిన్న మందు టోపీ మీద ఘోడా కొడితే పేలే రకం) ఆన్‌లైన్‌లో కొన్నాను, పార్సిల్ గుమ్మం దగ్గర పెట్టి పోయాడు. రవి, నీకు అంత ఇష్టమైతే ఇక్కడ మంచిది కొని, వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెస్తా.

శంషాబాద్_సతీష్
@డాలస్_కృష్ణ తమ్ముడూ, ఆ ముక్క సరదాకి కూడా అనకు. అమెరికాలో యాంటిక్ అయితే మన కస్టమ్స్‌కి ఏంటి? స్కానర్‌లో పిస్తోలు ఆకారం కనబడగానే సూట్‌కేసు ఒక గదిలోకి, నువ్వు ఇంకో గదిలోకి. మీ అమ్మగారు చేసిన గోంగూర పచ్చడికే అటునుంచి నానా ప్రశ్నలు అడుగుతారు.

డాలస్_కృష్ణ
సరే సరే. పోనీ అక్కడ కొని ఇక్కడికి తెచ్చుకుంటే?

బార్‌కౌన్సిల్_బావ
అదీ కుదరదు. వందేళ్లు దాటిన కళాఖండాలు, పురావస్తువులు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి. వాటిని దేశం దాటించే అధికారం ప్రభుత్వానికి, ప్రభుత్వం అనుమతించిన సంస్థలకే ఉంది. దేశంలో వాటి వ్యాపారం చేయడానికీ లైసెన్స్ ఉండాలి. అంటే ఈ పిస్తోలు అసలుదైతే అమ్మేవాడికి రెండు చట్టాల కింద కాగితాలు ఉండాలి. పాత గడియారాలకి అలవాటు పడ్డవాళ్లకి ఇది కొత్తగా ఉంటుంది, తెలుసు.

షాలిబండ_పాషా
మా ఇంటి సంగతి చెప్తా. మా తాత దగ్గర లైసెన్స్ ఉన్న ఒంటిగుండు తపంచా ఉండేది. మొదట చెకుముకిది, తర్వాత ఎవరో దాన్ని టోపీ రకానికి, అంటే పర్కషన్‌కి మార్చారు. పక్కన మందు పోసే గిన్నె తీసేసి, టోపీ తొడిగే చిన్న మొలక బిగించారు. తాత పోయాక ఇంట్లో ఎవ్వరం పట్టించుకోలేదు, పెట్టెలో పడుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తీశాం. మా మామూ మిలిటరీలో ఆర్మరర్‌గా చేశాడు. ఎవర్నీ ముట్టనివ్వలేదు.

సన్నటి వెదురుపుల్ల తెప్పించి మూతిలోంచి లోపలికి దించాడు. ఎక్కడ ఆగిందో అక్కడ పెన్నుతో గీత గీశాడు. బయటికి తీసి గొట్టం పక్కన పెట్టి చూస్తే ఆ పుల్ల మొలక దాకా రాలేదు, నాలుగు వేళ్లు తక్కువైంది. ఖాళీ గొట్టమైతే సమానంగా రావాలి. అంటే లోపల ఏదో ఉంది.

మొలక ఊడదీసి, నూనె పోసి నానబెట్టి, మర ఉన్న కడ్డీతో గుచ్చి లాగాడు. ముందు తుప్పుపట్టిన బట్టముక్క, తర్వాత తెల్లగా బూజులా మారిన సీసపు గుండు, దాని వెనక నల్లటి గింజలు. నూనె తగలని గింజలు చిటికెడు తీసుకుని దూరంగా రేకు మీద పెట్టి అగరుబత్తి అంటించాడు. భగ్గుమంది! తాత ఎప్పుడు దట్టించాడో మా నాన్నకే తెలియదు. ఆ పెట్టె మీద కూర్చునే మేం చిన్నప్పుడు హోంవర్క్ చేసుకునేవాళ్లం.

తార్నాక_తాయారు
అమ్మో! మా అత్తగారింట్లో హాల్లో గోడకి ఇలాంటిదే వేలాడుతోంది. పిల్లలు వెళ్లినప్పుడల్లా తీసుకుని దొంగా పోలీసు ఆడతారు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.

చెకుముకి
@షాలిబండ_పాషా మీ మామూ చేతులకి దండం పెట్టాలి. నల్లమందుగుండు పొడిగా ఉంటే ఎన్నాళ్లైనా చావదు. అందులో ఉండేది సూరేకారం, బొగ్గు, గంధకం, 75, 15, 10 పాళ్లలో. కాలం గడిచిందని కుళ్లిపోయే సరుకు ఒక్కటీ లేదు.

@తార్నాక_తాయారు పుల్ల పరీక్ష ఎవరైనా చేయొచ్చు. ఘోడా ముట్టుకోకుండా, మూతికి ఎదురుగా నిలబడకుండా, ఇనుప కడ్డీ కాకుండా చెక్కపుల్లతో. తేడా కనిపిస్తే అక్కడితో ఆపేయాలి. తీయడం తెలిసినవాళ్ల పని. "లోపల ఉందో లేదో చూద్దాం" అని అగ్గిపుల్ల చూపించే మహానుభావులు కూడా ఉంటారు.

బార్‌కౌన్సిల్_బావ
@షాలిబండ_పాషా ఒక ప్రశ్న, కోప్పడకండి. తాతగారి తర్వాత దాన్ని అప్పగించారా? లైసెన్స్ ఉన్నాయన పోతే ఇంట్లో ఉంచుకోకూడదు. దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లోగానీ లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరగానీ జమచేసి, వారసుడి పేర లైసెన్స్‌కి దరఖాస్తు పెట్టాలి.

షాలిబండ_పాషా
అప్పగించాం సార్. ఆబిడ్స్‌లో ఒక డీలర్ దగ్గర జమ. లైసెన్స్ తమ్ముడి పేర వచ్చింది. ఇప్పుడు ఎలక్షన్ నోటిఫికేషన్ వస్తే చాలు, మావాడు ఆ తపంచాని స్టేషన్‌కి మోసుకెళ్లాలి. కౌంటింగ్ అయ్యాక తెచ్చుకోవాలి. అది పేలి ఎన్నాళ్లయిందో అల్లాకే తెలియాలి గానీ ఓటు వేసే పౌరుడిలాగా ప్రతి ఎలక్షన్‌కీ బయల్దేరుతుంది.

గన్‌ఫౌండ్రీ_గణేష్
మా ఏరియా పేరే గన్‌ఫౌండ్రీ, ఇంతవరకు నన్నెవరూ పిలవలేదు ఈ చర్చకి. ఫతే మైదాన్ దగ్గరున్న తోప్ కా సాంచా ఫ్రెంచి దొర రేమండ్ 1795లో పెట్టించినదే. రెండో నిజాం కాలం. ఫిరంగులు అక్కడే పోసేవారు. ఇప్పుడు పక్కన బ్యాంకులో లోన్ ఫారాలు మాత్రమే దొరుకుతాయి.

మ్యూజియం_పిచ్చి
@గన్‌ఫౌండ్రీ_గణేష్ మంచి మాట గుర్తుచేశారు. "నిజాం ఫౌజుది" అన్న అమ్మకందారు మాటని ఇక్కడే పట్టుకోవచ్చు. నిజాం ఫౌజుని తీర్చిదిద్దింది మొదట ఫ్రెంచివాళ్లు. రేమండ్ 1798లో చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లిష్‌వాళ్లు ఆ ఫ్రెంచి పటాలాల చేత ఆయుధాలు కింద పెట్టించారు. ఆ తర్వాత నిజాం ఖర్చుతో, ఇంగ్లిష్ అధికారుల కింద పటాలాలు నడిచాయి. సింహం గుర్తు కంపెనీ సరుకు ఇక్కడికి రావడం అసాధ్యం కాదు. కానీ "రాగలదు" వేరు, "వచ్చింది" వేరు. పిస్తోలు మీద పటాలం అంకెలో, రాక్ నంబరో (ఆయుధాల గదిలో దాని వరస అంకె) కొట్టి ఉంటే ఒక మాట అనొచ్చు. నవాబుగారి పేరుకి కాగితం ఏదైనా చూపించాడా?

చిక్కడపల్లి_చిన్నా
నవాబుగారే కాగితం మీద ఉన్నారు, ఇంకా ఆయనకి కాగితమా.

దోమల్‌గూడ_రవి
ఈ గురువారం మళ్లీ వెళ్లాను. కొనడానికి కాదు, బావగారూ, చూడ్డానికే. బొటనవేలి కొస పట్టింది. గొట్టం వెనక "లండన్" అని ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఉన్నాయి, కానీ ఎన్ రెండుచోట్లా తిరగబడి ఉంది, అద్దంలో చూసినట్టు. పక్కన కిరీటంలాంటి ముద్ర ఒకటి, అస్పష్టంగా. పలక విప్పనిచ్చాడు. లోపల స్ప్రింగు పెద్దది, ఇంకా గట్టిగానే ఉంది. ఒక మర మీద స్టార్ గాడి ఉంది. సింహం జూలు చెకుముకిగారు చెప్పినంత మెత్తగా లేదు, గీతలు వేలికి తగులుతున్నాయి. ఫోటోలు తీస్తుంటే చుట్టూ జనం చేరారు, వచ్చేశాను.

సికింద్రాబాద్_శ్రీను
స్టార్ మరా? అయిపోయింది. ఆ రకం మరలు 1930ల్లో వచ్చాయి. మీ పిస్తోలు మా నాన్న కన్నా చిన్నది.

చెకుముకి
@సికింద్రాబాద్_శ్రీను అంత తొందరొద్దు. మర ఒక్కటే కొత్తదైతే ఎప్పుడో ఎవరో రిపేరు చేశారనుకోవచ్చు. మిగతా మరల గాడి ఒక్కటే గీతగా, కాస్త వంకరగా, తలలు ఒకదానికొకటి సరిపోకుండా ఉన్నాయా? అలా ఉంటే చేత్తో కోసినవి.

నాకు అనుమానం తిరగబడ్డ ఎన్ మీద. లండన్‌లో రోజంతా అదే మాట చెక్కే పనివాడు ఎన్ తిప్పి చెక్కడు. ఇంగ్లిష్ చదవడం రానివాడు బొమ్మలా చూసి చెక్కితే అలా వస్తుంది. వాయవ్య సరిహద్దులో, ఖైబర్ కనుమ చుట్టుపక్కల కమ్మరులు కంపెనీ తుపాకులు చూసి అచ్చం అలాంటివి చేసేవారు. సింహం, కిరీటం, టవర్ (లండన్ టవర్ ఆయుధాగారం) పేరు, అన్నీ దించేవారు. అక్షరాల దగ్గరే దొరికిపోయేవారు. కొన్నిటికి అసలు పలక, నాటు గొట్టం ఉంటాయి. రవిగారి సింహం అసలుదై, గొట్టం సరిహద్దుదై ఉండొచ్చు.

మ్యూజియం_పిచ్చి
నేను ఒప్పుకోను. సరిహద్దులో చేసినదైతే ఆ పనివాడు కాల్చడానికే చేస్తాడు, స్టార్ మర దాకా అది వాడుకలో ఉండాలి. ఇది నా లెక్కలో ఈమధ్య అలంకరణకి చేసి, తుప్పు పట్టించిన సరుకు. ఇత్తడి టోపీ లోపలివైపు చూడాలి. బయట నల్లబడి, లోపల పచ్చగా మెరుస్తుంటే పాతదనం బయట పూసిందే.

చెకుముకి
అలంకరణకి చేసేవాడు గట్టి స్ప్రింగుకి డబ్బు ఖర్చుపెట్టడు కదా. షో పీసుల్లో ఘోడా లాగితే ఉయ్యాలలా ఊగుతుంది.

మ్యూజియం_పిచ్చి
అమ్మేటప్పుడు ఘోడా టక్కుమంటే రేటు ఎక్కువ పలుకుతుందని వాళ్లకీ తెలుసు.

బార్‌కౌన్సిల్_బావ
మీరిద్దరూ ఎటు తేల్చినా నా ఫైలు లావవుతోంది. స్ప్రింగు గట్టిగా ఉంది, గొట్టం తెరిచి ఉంది అంటే 45వ సెక్షన్ తలుపు మూసుకున్నట్టే. సరిహద్దులో చేసినదైనా, నిన్న చేసినదైనా పేలగలిగితే తుపాకే. పైగా నిన్న చేసినదైతే పురాతన విలువ అని చెప్పుకోవడానికి కూడా ఉండదు.

సికింద్రాబాద్_శ్రీను
మొత్తానికి 35 వేలకి ఏం వస్తుంది? అసలు సింహం, దొంగ లండన్, స్టార్ మర, ఒక కేసు. నేనైతే 5 వేలకి కూడా ముట్టను. గోడకి కావాలంటే స్పెయిన్‌లో చేసే జింకు నకళ్లు ఉన్నాయి, గొట్టం లోపల మూసేసి ఉంటుంది.

చెకుముకి
నకళ్లు పెట్టుకుని సేకరణ అనడం నాకు మింగుడుపడదు గానీ, మన దేశంలో ఈ పిచ్చి ఉన్నవాళ్లకి దారులు తక్కువే. 2019 నుంచి ఒక మనిషి లైసెన్స్ మీద రెండు తుపాకులే. అంతకుముందు మూడు. గోడనిండా పనిచేసే పిస్తోళ్లు పెట్టుకోవడం ఇక్కడ కుదరదు. అందుకే నేను విడి భాగాల వైపు, సరంజామా వైపు వెళ్లాను. మందు కొలిచే పాత్రలు, సీసపు గుండు పోసే పట్టకార్లు, మందుగుండు పోసి దాచుకునే, కొమ్ముతో చేసిన మందు బుర్రలు. వీటి పనితనం పిస్తోలుకేం తీసిపోదు, రాత్రి నిద్ర కూడా పడుతుంది.

లంగర్‌హౌజ్_లక్కీ
మధ్యలో దూరుతున్నా. మా బాబాయి దగ్గర పాత పిస్తోలుది ఇత్తడి పిడి టోపీ ఉంది, నల్లగా అయిపోయింది. చింతపండుతో తోమొచ్చా?

చెకుముకి
వద్దు.

మ్యూజియం_పిచ్చి
వద్దు. (ఈ ఒక్కదాంట్లో మేం ఒకటే.) ఆ నలుపే దాని వయసుకి సాక్ష్యం. ఇసుక కాగితం, చింతపండు, ఇత్తడి పాలిష్ ఏదీ వద్దు. మెత్తటి గుడ్డ, కొంచెం మైనం చాలు. ఎర్ర తుప్పు ఉన్నచోట మాత్రం నూనె పెట్టి, ఇనుము కన్నా మెత్తనిదానితో నెమ్మదిగా.

మోడరేటర్
ఎవరో నాకు విడిగా మెసేజ్ పెట్టి ఆ బజార్లో దుకాణం ఎక్కడో రవిగారి దగ్గర కనుక్కోమన్నారు. ఇక్కడ అమ్మకాలు, కొనుగోళ్లు, చిరునామాలు నడవవు. మందుగుండు తయారీ పాళ్ల గురించి ఇంకా లోతుకి వెళ్లొద్దు. పాళ్లు స్కూలు పుస్తకంలోనే ఉంటాయి కాబట్టి చెకుముకిగారి పోస్టు ఉంచాను.

తార్నాక_తాయారు
అప్‌డేట్: అత్తగారింట్లోది జింకు నకలు. గొట్టం సగంలోనే మూసుకుపోయి ఉంది. మామగారు చిన్నబుచ్చుకున్నారు, ఇన్నేళ్లూ 1857ది అని చుట్టాలకి చెప్పుకున్నారట.

చిక్కడపల్లి_చిన్నా
ఇంకో నవాబుగారు పోయారు.

మ్యూజియం_పిచ్చి
రవిగారూ, అసలువి ఎలా ఉంటాయో కన్ను అలవాటు కావాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ చూడండి. శుక్రవారం సెలవు. చౌమహల్లాలోనూ ఆయుధాల గది ఉంది. అద్దం అవతలైనా, పలకకీ చెక్కకీ మధ్య సందు ఎంత సన్నగా ఉంటుందో ఒకసారి చూస్తే బజార్ సరుకు మీద మోజు దానంతటదే తగ్గుతుంది. ఆదివారం నేను వెళ్తున్నా, వచ్చేవాళ్లు చెప్పండి.

షాలిబండ_పాషా
నేను రెడీ. తర్వాత చాయ్ మదీనా వైపు.

గన్‌ఫౌండ్రీ_గణేష్
చాయ్‌కి మాత్రం నేనూ.

దోమల్‌గూడ_రవి
ఆదివారం వస్తాను. పిస్తోలు వదిలేశాను. నిన్న బిల్లు ఇస్తావా, లైసెన్స్ ఉందా అని అడిగితే అతను నన్ను పైనుంచి కిందిదాకా చూసి పిస్తోలు మళ్లీ గుడ్డలో చుట్టేసుకున్నాడు. కానీ ఖాళీ చేతుల్తో రాలేదు. అదే గంపలో పియర్ పండు ఆకారంలో రాగి మందు బుర్ర ఒకటి ఉంది, మూతి దగ్గర బొటనవేలితో నొక్కే మీట. 900కి ఇచ్చాడు. బావగారూ, దీనికేమైనా సెక్షన్ ఉందా?

బార్‌కౌన్సిల్_బావ
ఖాళీ బుర్రతో నాకు పేచీ లేదు. ఖాళీయేనా?

దోమల్‌గూడ_రవి
ఊపితే ఏదో గలగలమంటోంది.

చెకుముకి
మీట నొక్కి ఆడించకండి. పొయ్యి, దీపం, సిగరెట్ లేని చోట, ఆరుబయట బకెట్ నీళ్లలో బుర్ర మొత్తం ముంచేసి వదిలేయండి. నానాక మూతి మర తిప్పి విప్పండి, ఎదురు తిరిగితే బలవంతం చేయొద్దు. రాగికి నీళ్లతో నష్టం లేదు. స్ప్రింగు ఒక్కటి వెంటనే ఆరబెట్టి చుక్క నూనె వేయండి. మూతి చుట్టూ అంకెలు గీసి ఉన్నాయా? అవి మందు కొలతలు.

దోమల్‌గూడ_రవి
ముంచాను. నీళ్లు నల్లగా దిగుతున్నాయి. అంకెలు ఉన్నాయి, నాలుగు గీతలు. మా ఆవిడ అది ఎండాక పోపుల డబ్బా పక్కన పెట్టి జీలకర్ర పోస్తానంటోంది, మీట నొక్కితే సరిగ్గా చెంచాడు పడుతుందట.

తార్నాక_తాయారు
వద్దని చెప్పండి, లోపల సీసం కూడా ఉండొచ్చు. గడియారాల పక్కనే పెట్టమనండి.